ఏకసభ్య సహాయక బృందం

మా వెలగలపాలెంలో తాగుడు మానాలనుకునేవాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ప్రభుత్వం వారు ఒక సహాయక బృందం పెట్టారు. అది ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదని కూడా వారే ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వును మాత్రం ఊరంతా తెలిసేలా మైకులో చెప్పించారు. ఇందులో వింతేముందని మీరు అడగొచ్చు. నాకూ మొదట్లో ఏమీ అనిపించలేదు, ఎందుకంటే అప్పటికి నా బాధ వేరు.

మా ఆయన బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదుతాడు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆయన ట్రంపెట్ కింద జరిగినవే. మా వైపు బ్యాండువాళ్ళకి ఒక మర్యాద ఉంది. ఊరేగింపు లేచే ముందు పెళ్ళివారు మేళానికి సీసా అందించాలి. అది అందకపోతే డప్పు మీద పుల్ల పడదు. అలా మర్యాదగా మొదలైనది మర్యాద లేకుండా పోయింది. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో కూడా ఆయన మర్యాదలు ఆగలేదు. చివరికి కాలేయం వాచి ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడ డాక్టరమ్మ మాన్పించింది.

పంపించేటప్పుడు ఆ తల్లి నన్ను పక్కకు పిలిచింది. "మందులతో ఒళ్ళు బాగుచేశానమ్మా. మిగతాది నా చేతిలో లేదు. ఇతను ఒక్కడే ఉంటే నిలబడలేడు. ఇతని లాంటి వాళ్ళ మధ్య కూర్చోబెట్టు. నువ్వు కూడా నీలాంటి వాళ్ళతో కూర్చో" అంది.

వైశాఖమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. మందు పడకపోతే పెదవి ఎండిపోతుందనీ, ట్రంపెట్ పలకదనీ మా ఆయన నమ్మకం. మానేశాక దాన్ని ఒక్కసారి కూడా నోటికి పెట్టుకోలేదు. బ్యాండు మాస్టారు పోలయ్య గారు ఇంటికొచ్చి, "అబ్బులూ, ముహూర్తాల్లోకి రాకపోతే పక్క ఊరి మనిషిని పెట్టుకోవాలి మరి. తాగకుండా వస్తానంటే రా గానీ, ఊదకుండా మాత్రం రాకు" అని చెప్పి వెళ్ళాడు. వెళితే సీసా, వెళ్ళకపోతే కూడు లేదు. అదీ నా బాధ. నేను జాకెట్లు కుట్టి ఇల్లు నడిపిస్తాను గానీ, ఆ మనిషికి ట్రంపెట్ లేకపోతే మనిషే లేడు.

అందుకని మునిసిపల్ ఆఫీసు మేడ మీదున్న వ్యసన విముక్తి సమన్వయ విభాగానికి వెళ్ళాను. ప్రాజెక్టు అధికారి విశ్వంభరరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉన్నారు.

"అయ్యా, ఆ తాగుడు మానేవోళ్ళ మీటింగు ఎక్కడండీ?" అన్నాను.

ఆయన లేచి తలుపు వేసొచ్చారు. "చూడమ్మా, గోప్యత అనేది ఈ పథకానికి ప్రాణవాయువు. స్థలం వెల్లడించడం నిబంధనలకు విరుద్ధం."

"చెప్పకపోతే ఎలా వస్తామండీ?"

"రావాలన్న తపన ఉన్నవారు వస్తారు. అదే మొదటి మెట్టు. ఇంతకూ ఎవరి కోసం? పేరు?"

మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. "ఆయనేనండీ, మా ఇంటాయన" అన్నాను.

విశ్వంభరరావు గారి మొహం వెలిగిపోయింది. "అద్భుతం. గోప్యత మన సంస్కృతిలోనే అంతర్లీనంగా ఉంది. మీ వంటి లబ్ధిదారులే ఈ పథకానికి పునాదిరాళ్ళు" అని నాకు నమస్కారం కూడా పెట్టారు. అడ్రసు మాత్రం చెప్పలేదు.

బయటికొస్తే గేటు మీద బస్సంత ఫ్లెక్సీ ఉంది. పై ఆఫీసు నుంచి గోప్యత పాటించమని ఒక ఆదేశం, విస్తృత ప్రచారం చేయమని ఇంకో ఆదేశం ఒకే రోజు వచ్చాయట. రెండూ పాటించారు. మధ్యలో విశ్వంభరరావు గారి నిలువెత్తు ఫొటో, కింద 'గోప్య సమావేశం, అందరూ ఆహ్వానితులే, స్థలం: గోప్యం' అని పెద్ద అక్షరాలు. మూలగా ముగ్గురు సభ్యుల ఫొటోలు, గుర్తుపట్టకుండా కళ్ళ మీద నల్ల పట్టీలు. దొంగతనం కేసులో పట్టుబడ్డవాళ్ళని పేపర్లో వేసినట్టు వేశారు. ముగ్గురూ ఎవరో నేను ఆటో ఎక్కేలోగా చెప్పేశాను. ఆటో అబ్బాయి నేను సరిగ్గానే చెప్పానన్నాడు.

"మీటింగుకేనా అండీ? మునిసిపల్ కల్యాణమంటపం వెనక భోజనాల హాలు. ఎక్కండి, రేపు మీ ఆయన్ని కూడా దింపుతాను" అన్నాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. విశ్వంభరరావు గారికి మాత్రం అది రహస్యం.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. గుమ్మం దగ్గరే మమ్మల్ని విడదీశారు. తాగేవాళ్ళకి వంటశాల వైపు దారి, ఇంట్లోవాళ్ళకి చేతులు కడుక్కునే వైపు దారి. లోపలికి వెళ్ళే ముందు ప్రతివాళ్ళకీ ఒక మంకీ క్యాపు ఇచ్చారు. మా ఊరి ఉక్కలో ఉన్ని టోపీ తగిలిస్తే కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు గానీ, చెమట మాత్రం ధారలు కట్టింది. తరవాత పేర్లు మార్చారు. సభ్యులందరికీ నదుల పేర్లు. పూర్తిగా మానేసినవాళ్ళకి ఎండిపోయిన నదులు, ఇంకా మానుతున్నవాళ్ళకి పారే నదులు. మా ఆయన పెన్న. నన్ను పెన్నలో కలిసే పాపాగ్ని అన్నారు. ఎందుకన్నారో నేను అడగలేదు, ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు.

లోపల బల్ల మీద కూర్చున్నానో లేదో పక్క టోపీలోంచి, "మాణిక్యం, నా పట్టు జాకెట్టు అయిందా?" అని వినిపించింది. మందుల షాపు భాగ్యవతి గారు. "హుక్కులు కుట్టాలండి, ఎల్లుండి ఇస్తాను" అన్నాను. ఆవిడ ఆయనా తాగుతాడని అప్పుడే తెలిసింది నాకు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ ఈ కష్టం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

అంతే. గోడవార నిలబడ్డ సిబ్బందిలో ఒకావిడ విజిల్ ఊదింది. అవతలి గదిలో కూడా విజిళ్ళు మోగుతున్నాయి. మా ఆయన్ని మంకీ క్యాపులో ఎవరు గుర్తుపట్టరు? ట్రంపెట్ ఊది ఊది ఆయన బుగ్గలు బూరెల్లా ఉంటాయి. వచ్చినవాడు వచ్చినట్టే, "ఒరే అబ్బులూ, మా పెళ్ళిలో ఊదింది నువ్వే కదరా" అన్నారట.

విశ్వంభరరావు గారు హుటాహుటిన వచ్చారు. "పరిచయం అనేది గోప్యతకు ప్రథమ శత్రువు. పరస్పరం గుర్తుపట్టిన సభ్యులు ఒకే బృందంలో ఉండరాదు. తక్షణం వేరు చేయండి" అన్నారు.

వేరు చేశారు. భాగ్యవతి గారికి తెలియనివాళ్ళు ఎవరని వెతికితే, ఊళ్ళో ఆవిడ దగ్గర మాత్ర కొనని మనిషి లేడు. నేను జాకెట్టు కుట్టని ఇల్లు లేదు. వాళ్ళ వాళ్ళు ఏమవుతారు, వీళ్ళు ఎవరి తాలూకు అని మూడు మాటలు కలిపితే మా ఊళ్ళో ఎవరైనా వదినో మరిదో అయి తీరతారు. పాపం విశ్వంభరరావు గారు చాలా శ్రమపడ్డారు. ప్రతి సమావేశానికీ ఒక్కో బృందం రెండుగా, రెండు నాలుగుగా చీలింది. షామియానా గుడ్డలు తెచ్చి హాలంతా గళ్ళు గళ్ళుగా కట్టించారు. చివరికి తనను ఎవరూ గుర్తుపట్టని బృందం ప్రతి ఒక్కరికీ దొరికింది. అందులో ఆ ఒక్కరే ఉన్నారు.

దానికి ఏకసభ్య సహాయక బృందం అని పేరు పెట్టారు.

మా ఆయన రోజూ సాయంత్రం ఆ గుడ్డ గదిలోకి వెళ్ళి, టోపీ పెట్టుకుని, ఒక కుర్చీలో కూర్చుని తన గోడు తనకే చెప్పుకునేవాడు. సానుభూతి కొరవడిందని ఎవరో ఫిర్యాదు రాస్తే ఎదురుగా ఒక అద్దం పెట్టారు. తరవాత తనిఖీకి వచ్చిన పై అధికారి, "అద్దంలో సభ్యుడు తనను తాను గుర్తుపట్టే ప్రమాదం ఉంది" అని అభ్యంతరం చెప్పాడు. అప్పుడు అద్దానికి కళ్ళ ఎత్తున నల్ల పట్టీ అంటించారు.

"ఎలా జరిగిందయ్యా మీటింగు?" అని అడిగాను ఒకరోజు.

"నేను మాట్లాడేను, నేను విన్నాను. నేను చెప్పింది నేనే నమ్మలేదు" అన్నాడు.

నా గదిలో నా సంగతీ అంతే. నాకు మాత్రం ఒక సమన్వయకర్తను ఇచ్చారు, గుడ్డకి అవతల ఉంటుంది. మా ఆయన గురించి మొదలుపెట్టగానే ఆపేసింది. "మీ వారిని గుర్తుపట్టే వివరాలు చెప్పకండమ్మా. సాధారణంగా చెప్పండి. ఒక భర్త ఉన్నాడు అనుకోండి."

"అనుకోవడమేంటమ్మా, ఉన్నాడు కదా" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు చెప్పుకోవాల్సింది ఒకటే ఉంది. ఆయన తాగినప్పుడు భయం లేదు నాకు, అలవాటైంది. మానేశాక భయం పట్టుకుంది. వీధిలో ట్రంపెట్ వినపడితే చాలు, ఆయన మొహం వైపు చూస్తూ కూర్చుంటున్నాను. ఆ మాట వినే మనిషి కావాలి నాకు. అనుకోవడానికి ఒక భర్త అక్కర్లేదు.

ఇలా ఉండగా మా జిల్లాకి పురస్కారం వచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో బృందం కావడంతో, బృందాల సంఖ్యలో మేమే అగ్రస్థానం అట. విశ్వంభరరావు గారు హాలంతా తిరిగి, ఒక్కో గుడ్డ ముందూ నిలబడి విడివిడిగా శుభాకాంక్షలు చెప్పారు. కల్యాణమంటపంలోనే సన్మాన సభ నిర్ణయించారు. ముఖ్య అతిథి చేతుల మీదుగా ఉత్తమ అజ్ఞాత సభ్యులకి శాలువాలు. శాలువా తల మీంచి కప్పాలని, సభ్యుడు ప్రేక్షకులకి వీపు చూపించి నిలబడాలని ఏర్పాటు. సభ అన్నాక ముఖ్య అతిథిని బజారు సెంటర్ నుంచి మేళతాళాలతో తీసుకురావాలి కదా. ఊళ్ళో ఉన్నది పోలయ్య మాస్టారి మేళం ఒక్కటే. ముహూర్తాలకి ముందు ఇదే పరీక్ష అని ఆయన మా ఆయన్ని కూడా రమ్మన్నాడు.

అలా మా ఆయన ఒకే సభలో సన్మానం పొందే అజ్ఞాత సభ్యుడూ, అందరికీ తెలిసిన ట్రంపెట్టూ అయ్యాడు. ఈ చిక్కు గురించి అడిగితే విశ్వంభరరావు గారు కళ్ళజోడు తుడుచుకుని, "ఊదేటప్పుడు టోపీకి నోటి వద్ద రంధ్రం చేయించండి" అని సెలవిచ్చారు. ఏర్పాట్లు చూసే సూపర్‌వైజరుకి ఇంకో మాట కూడా చెప్పారు. "మేళం వారికి సంప్రదాయ మర్యాదల్లో ఏ లోపమూ రాకూడదు. అన్నీ ఆనవాయితీ ప్రకారం జరగాలి."

సభ రోజు మధ్యాహ్నం నన్ను నా గుడ్డ గదిలో కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు వాళ్ళ వాళ్ళ గదుల్లో ఉన్నారు. వేదిక వెనక ఖాళీ స్థలంలో బ్యాండువాళ్ళు దిగారు. డప్పులు సవరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అంతలో సూపర్‌వైజరు గొంతు వినపడింది.

"పోలయ్య గారూ, ఇదిగోనండీ మీ మర్యాద. సారు ప్రత్యేకంగా చెప్పేరు, లోటు రాకూడదని."

వ్యసన విముక్తి సన్మాన సభలో, వ్యసన విముక్తి విభాగం వారు, మేళానికి సీసా పంపించారు. తప్పు వాళ్ళది అనలేం. ఆనవాయితీలో ఉన్నది ఉన్నట్టు చేశారు.

"అబ్బులూ, ముందు నువ్వే పట్టుకోరా, వస్తున్నా" అంటూ పోలయ్య మాస్టారు మిగతా మేళంతో గేటు వైపు వెళ్ళడం వినిపించింది. తరవాత మా ఆయన గొంతు వినపడలేదు. ఇక నా వల్ల కాలేదు, గుడ్డ ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

ఆయన ట్రంపెట్ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. టోపీ మెడ కిందికి లాగేసుకున్నాడు. సీసాని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"మూత తియ్యలేదు మాణిక్యం" అన్నాడు. "కానీ కింద పెట్టలేకపోతన్నాను."

లాక్కోవడం నాకు బాగా వచ్చు. ఏళ్ళ తరబడి అదే పని చేశాను. లాక్కుంటే ఏమవుతుందో కూడా నాకు బాగా తెలుసు. ఆ సీసా పోతుంది, సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. నాకు ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి ఆ గుడ్డ గదులన్నిటి వైపూ చూసి గట్టిగా అన్నాను. "అయ్యా, అమ్మా, ఎవరైనా రండి. మా ఆయన చేతిలో సీసా ఉంది. నాకేం చెయ్యాలో తెలీటం లేదు."

ఒక గుడ్డ పక్కకు జరిగింది. ఇంకోటి జరిగింది. భాగ్యవతి గారు టోపీ తీసి మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వెనకే ఆవిడ ఆయన, ఆ వెనక ఇంకొందరు. అందరికంటే ముందు వచ్చి మా ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నది హైస్కూలు లెక్కల మాస్టారు. ఆయన టోపీ తియ్యలేదు. తియ్యమని ఎవరూ అనలేదు.

"పట్టుకునే ఉండు నాయనా, కంగారు లేదు" అన్నాడు మాస్టారు. "నేను నా సీసా ఎక్కడ దాచేవాణ్ణో చెప్తాను విను. దేవుడి పటం వెనకాల. మా ఆవిడ రోజూ అక్కడే దీపం పెట్టి, నేను తాగుడు మానాలని దణ్ణం పెట్టుకునేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారూ నవ్వాడు.

"నాది గేదె కుడితి గోలెంలో అండి" అన్నాడు వెనకనుంచి ఒకాయన. "ఓసారి మూత ఊడిపోయింది. ఆ పూట గేదె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేనండి."

"మా షాపులో ఫ్రిజ్జులో, ఇన్సులిన్ పెట్టెల వెనకాల" అన్నాడు భాగ్యవతి గారి ఆయన.

"అదా!" అంది భాగ్యవతి గారు. "నేను ఇల్లంతా తవ్వేసేను గదండీ."

"మాణిక్యం ఎన్నిసార్లు వెతికిందో" అన్నాడు మా ఆయన మెల్లగా. "నేను దాచేది తన కుట్టుమిషను కిందేనండి. తన కాళ్ళ దగ్గిరే."

నాకు ఒక పక్క కోపం, ఒక పక్క నవ్వు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళతోనే. అప్పుడు చెప్పేశాను, ఇన్నాళ్ళూ చెప్పుకోలేని నా భయం సంగతి. భాగ్యవతి గారు నా భుజం మీద చెయ్యి వేసి, "నాకూ అంతే మాణిక్యం, ఆయన స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గిర చెవి పెడతాను" అంది. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు. సీసా ఎప్పుడు కింద పెట్టాడో నేను చూడలేదు. ఆయనా చూసుకోలేదు.

ముందు వైపు విశ్వంభరరావు గారు అతిథి రాకముందే మైకులో పిలుపులు రిహార్సలు చేస్తున్నారు. "ఇప్పుడు ఉత్తమ అజ్ఞాత సభ్యులు శ్రీ పెన్న గారిని వేదిక పైకి, మన్నించాలి, సభ వైపు వీపు చేసి రావలసిందిగా..." ఎవరూ రాకపోయేసరికి ఆయనే వెనక్కి వచ్చారు. మమ్మల్ని చూసి కొయ్యబారిపోయారు.

"ఏమిటిది? అందరూ ఒకచోట కూర్చున్నారా? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా?"

"చూసుకున్నామండి" అన్నాడు గేదె ఆయన.

"మాట్లాడుకున్నారా?"

"ఆయ్."

విశ్వంభరరావు గారు కుర్చీ కోసం తడుముకున్నారు. "ఇలా కూర్చుంటే మీరందరూ కలిసి ఒకే ఒక బృందం అయిపోతారయ్యా. పురస్కారం వచ్చింది బృందాల సంఖ్యకి. అతిథి గారు సెంటర్లో దిగుతున్నారు. దయచేసి విడిపోండి. సభ అయ్యేవరకైనా విడిపోండి."

ఎవరూ విడిపోలేదు. అంతలో పోలయ్య మాస్టారు వచ్చి, మేళం లేవాలి అన్నాడు. నేల మీద సీల్ తియ్యని సీసా చూశాడు, మా ఆయన్ని చూశాడు. "పడకుండానే ఊదుతావేంట్రా?" అన్నాడు.

"తెలీదు మాస్టారూ. పలక్కపోతే పలకదు" అన్నాడు మా ఆయన, ట్రంపెట్ తీశాడు. టోపీ పెట్టె మీద పడేశాడు.

మొదటిసారి ఊదితే వచ్చిన చప్పుడు ఈనుతున్న గేదె అరుపులా ఉంది. "అదిగో, నా గేదె" అన్నాడు కుడితి గోలెం ఆయన. మళ్ళీ నవ్వులు. మా ఆయన కూడా నవ్వుతూ పెదవి తడుపుకున్నాడు, మళ్ళీ బుగ్గలు పూరించాడు. ఈసారి పలికింది. కొంచెం వంకరగా పలికింది గానీ, నేను ఇరవయ్యో ఏట విని మనసు పారేసుకున్న పలుకే అది.

మేళం కదిలింది. ముఖ్య అతిథికి ఎదురు వెళ్ళాలి కదా. మేళం వెనకాల మేమంతా నడిచాం, ఆడా మగా కలిసి, మొహాలు కనపడుతూ, ఒక్క లెక్కల మాస్టారు మాత్రం టోపీలో. మా వెనకాల విశ్వంభరరావు గారు చేతినిండా శాలువాలు పట్టుకుని, కనీసం తల మీద కప్పుకోండి అని బతిమాలుతూ పరుగెత్తి వస్తున్నారు. జనం అరుగుల మీదకి వచ్చి, "పెళ్ళి ఎవరిదండీ?" అని అడుగుతున్నారు. "పెళ్ళి కాదండి, తాగుడు మానేవోళ్ళం, రోజూ సాయంత్రం కల్యాణమంటపం వెనక హాల్లో కూర్చుంటాం" అని భాగ్యవతి గారు ఇంటింటికీ చెబుతోంది. అడ్రసు అలా బట్టబయలవుతుంటే విశ్వంభరరావు గారు చెవులు మూసుకుందామని చూశారు, శాలువాలు అడ్డొచ్చాయి.

కూరగాయల సందు దగ్గర ఒకావిడ పెనిమిటి మోచెయ్యి పట్టుకుని జనంలోంచి బయటికి వచ్చింది. అతను తూలుతున్నాడు. ఆవిడ నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "ఈయన ఇంకా మానలేదండి. పొద్దున్న కూడా పుచ్చుకున్నాడు. మేం రావచ్చా?"

నేను జవాబు చెప్పేలోగా మా ఆయన ట్రంపెట్ దించాడు. అతన్ని ఎగాదిగా చూశాడు. పక్కన నడుస్తున్న అబ్బాయి దగ్గర్నుంచి కంచు తాళాలు తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"పట్టుకోండి అన్నా. చేతులు ఖాళీగా ఉంటే మహా కష్టం, నాకు తెలుసు."

అతను తాళాలు పట్టుకున్నాడు. ఒక్కటీ వరసలో పడలేదు. మా ఆయన అతని దెబ్బని బట్టే ఊదాడు, మేం దాన్ని బట్టే నడిచాం.